కొలోన్ ఊరేగింపులో మనమూ నడవవచ్చా?

ప్రశ్న: నేను జర్మనీలోని కొలోన్ నగరంలో చదువుకుంటున్నాను. కార్నివాల్ ఊరేగింపులో తమతో కలిసి నడవమని మా వీధివారు పిలిచారు. మనది కాని పండుగలో వేషం కట్టడం బాగుంటుందా?
– ఒక పాఠకురాలు

జవాబు: నిస్సంకోచంగా వెళ్లండి. ఆ ఊళ్లో వేషం వేయకుండా వచ్చినవారే వేరుగా కనిపిస్తారు. 1823లో మొదలైన సోమవారపు పెద్ద ఊరేగింపులో నడిచేవారు ఎక్కువగా కార్నివాల్ సంఘాల సభ్యులే కాబట్టి, బయటివారికి అందులో చోటు దొరకడం కష్టం. కానీ ముందురోజు ఆదివారం బడులూ పేటలూ కలిసి తీసే ఊరేగింపు ఇరుగుపొరుగు వారిది, మీకు పిలుపు వచ్చింది బహుశా దానికే. అక్కడి వేడుకకు పెద్దలైన ముగ్గురిలో 'కన్య' పాత్రను ఆనవాయితీగా పురుషుడే ధరిస్తాడు; తిరుపతి గంగమ్మ జాతరలో మగవారు ఆడవేషం కట్టడం ఎరిగిన మనకు అది వింతగా తోచదు.

చలి గట్టిగా ఉంటుంది కనుక, లోపల ఉన్ని దుస్తులు పట్టేంత వదులుగా వేషం కుట్టించుకోండి. అందరితో కలిసి 'అలాఫ్' అని కేక వేయండి. 'హెలావ్' పొరుగునున్న డ్యూసెల్‌డోర్ఫ్ వారి కేక, దానిని కొలోన్‌లో పలకకపోవడం మర్యాద. నడిచేవారు దారి పొడవునా మిఠాయిలు పంచాలి కాబట్టి, భుజానికి పెద్ద సంచి తగిలించుకోండి. 'కమెల్లె!' అని అరుస్తూ, తిరగేసిన గొడుగులు పట్టుకొని నిలబడే పిల్లల వైపు మిఠాయిలను మెల్లగా, తలలకు తగలకుండా విసరండి. మరీ చిన్నవారికి చేతికే అందించండి.