పొందూరు ఖద్దరు జాకెట్టు మీద పువ్వు చుట్టూ ముడతలు: సమాధానం

మెషిన్ ఎంబ్రాయిడరీతో జాకెట్టు మీద పువ్వు కుడితే చుట్టూ ముడతలు వస్తున్నాయని అడిగారు. తేడా దారం టెన్షన్‌లో (బిగువులో) కాదు, గుడ్డను పట్టి ఉంచే ఫ్రేమ్ బిగించడంలో ఉంది. ఫ్రేమ్‌లో ఉన్నంతసేపూ పువ్వు బాగానే ఉండి, తీయగానే చుట్టూ గుడ్డ ముడుచుకుపోతోందన్నారు కదా, అంటే బిగించాక అంచులు పట్టుకుని లాగుతున్నట్టే. సాగిన గుడ్డ మీద కుట్టు పడిపోతుంది, ఫ్రేమ్ ఊడగానే గుడ్డ వెనక్కి వెళ్తుంది గానీ కుట్టు వెళ్లదు.

1. పొందూరు ఖద్దరు చేత్తో వడికిన నూలు, తడిస్తే కుంచించుకుపోతుంది కాబట్టి ముందే తడిపి ఆరబెట్టి ఇస్త్రీ చేయండి. లేకపోతే మొదటి ఉతుకుకే మళ్లీ ముడతలు.

2. చాలామంది వదిలేసేది ఇదే. బ్యాకింగ్ పేపర్‌ని (గుడ్డ సాగకుండా అడుగున పెట్టే పేపర్) ఫ్రేమ్ కింద ఊరికే దూర్చకండి, గుడ్డతో కలిపి ఫ్రేమ్‌లోనే బిగించాలి. స్క్రూ వదులు చేసి, రెండూ సాఫుగా పరిచి, లోపలి రింగు నొక్కి, అప్పుడు స్క్రూ తిప్పండి. ఆ తర్వాత ఒక్క మూల కూడా లాగొద్దు. వదులుగా అనిపిస్తే విప్పి మళ్లీ మొదటి నుంచి పెట్టుకోవాల్సిందే (విసుగే, కానీ జాకెట్టు పోవడం కన్నా నయం).

3. సూది సైజు 75/11. డిజైన్ డెన్సిటీ (కుట్టు వరుసల మధ్య దూరం) 0.40 మి.మీ. ఉంటే 0.45 చేయండి.

టెన్షన్ ఇప్పటికే తిప్పేశానన్నారు కాబట్టి ముక్క గుడ్డ మీద శాటిన్ గీత (అటూఇటూ దగ్గరదగ్గరగా పడే కుట్టు) కుట్టి తిరగేయండి. మధ్యలో మూడో వంతు బాబిన్ దారం (మెషిన్ కింద నుంచి వచ్చే దారం) కనిపిస్తే టెన్షన్ సరిపోయినట్టే.