అంగన్‌వాడీ రిజిస్టర్‌లో ఎక్కువ పేర్లు, తరగతిలో తక్కువ పిల్లలు: ఎందుకు?

తిరుపతిలోని ఒక అంగన్‌వాడీలో రిజిస్టర్‌లో ఉన్నన్ని పేర్లకు తరగతిలో పిల్లలు లేరని మీరు అడిగారు. ఈ తేడా చూసి వెంటనే దొంగ లెక్కలని అనుకోవద్దు. సుమారు 400 నుంచి 800 జనాభాకు ఒక కేంద్రం అన్నది మైదాన ప్రాంతాల లెక్క. ఆ పరిధిలోని 6 నెలల నుంచి 6 ఏళ్ల పిల్లలు, గర్భిణులు, బాలింతలు అందరూ రిజిస్టర్‌లో ఉంటారు. కూర్చుని ఆటపాటలు నేర్చుకునేది మాత్రం 3 నుంచి 6 ఏళ్ల వాళ్లే. మూడేళ్లలోపు వాళ్లకు పోషకాహార సరుకు ఇంటికే ఇస్తారు. కూలిపని కోసం అమ్మానాన్న ఊరు మారితే పిల్లల సంఖ్యా మారుతుంది. కాస్త డబ్బున్నవాళ్లు ఎల్‌కేజీకి పంపేస్తారు. దాంతో మిగిలేది ఎక్కువగా పేదింటి పిల్లలే. నన్ను బాధపెట్టేది ఇదే. ఇన్ని కారణాలున్నాయి కాబట్టి మొత్తం పేర్లు కాదు, 3–6 ఏళ్ల వాళ్ల రోజువారీ హాజరు అడగండి.