తీగల ఎత్తు, తీగల బిగువు

సందేహం: ఒకరు వాడిన అకూస్టిక్ గిటారు కొన్నాను. తీగ నొక్కితే వేళ్లు నొస్తున్నాయి. మరమ్మతు చేసే ఆయనతో ‘తీగలు బిగుతుగా ఉన్నాయి, కొంచెం వదులు చేయండి’ అన్నాను. ఆయన అలాగే చేశాడు. శ్రుతి చెడింది. మళ్లీ శ్రుతి చేసుకోగానే నొప్పి మొదటికి వచ్చింది. తరువాత ఇంకొకాయన చూసి ‘యాక్షన్ ఎక్కువగా ఉంది’ అన్నారు. దీన్ని తెలుగులో ‘తీగల చర్య’ అని రాయవచ్చునా? ‘వాడిన గిటారు’ అనడం సరైనదేనా?
— ఒక పాఠకుడు, అనంతపురం

సమాధానం: ‘తీగల చర్య’ అని రాయకూడదు. ఇంగ్లీషులో ఆ మాటకు పని, చర్య అనే అర్థాలు ఉన్నా, గిటారు దగ్గర అది చెప్పేది మెట్టు (మెడ మీద అడ్డంగా ఉండే లోహపు పట్టీ, ఫ్రెట్) పైఅంచుకూ తీగ అడుగుకూ నడుమ ఉన్న ఖాళీని. కనుక ‘తీగల ఎత్తు’ అంటే చాలు, కొత్త మాట కల్పించనక్కరలేదు.

మిమ్మల్ని ఇబ్బంది పెట్టింది ‘బిగుతు’ అన్న మాట. నులక మంచాన్ని తలచుకోండి. మంచం ఎత్తుగా ఉందంటే అది కోళ్ల సంగతి, నులక సడలిందంటే అది అల్లిక సంగతి. ఎత్తు ఎక్కువైందని నులకను వదులు చేస్తే కూర్చున్నవాడు దిగబడతాడే తప్ప కోళ్లు పొట్టివి కావు. గిటారులో బిగువు, శ్రుతి చేయడానికి తిప్పే బిరడల చేతిలో ఉంటుంది. అది మారితే శ్రుతి మారుతుంది. ఎత్తు మాత్రం మేరువు (మెడ పైకొసన తీగలు ఆనే పట్టీ), గుర్రం (పైపలక మీద తీగలు ఆనే దిమ్మ), మెడ వంపు మీద ఆధారపడుతుంది. ఈ మాటలన్నీ వీణవాళ్లవి. మెట్లు, బిరడలు, తీగలు మోసే గుర్రం గిటారుకూ చక్కగా అమరుతాయి. మీకు పొరుగున ఉన్న కన్నడసీమలోనూ వీణ గుర్రాన్ని ‘కుదురె’ అనే అంటారు, ఆ మాటకూ గుర్రమనే అర్థం.

ఈ జవాబు రాసే ముందు కడపలో మా ఇంట్లోనే మనవరాలి గిటారు తీసి, 12వ మెట్టు మీద సన్నని స్టీలు స్కేలు నిలబెట్టి చూశాను. శ్రుతి సరిగ్గానే ఉంది, కానీ లావు తీగ మూడున్నర మిల్లీమీటర్ల ఎత్తున ఉంది, పిల్ల వేలికొనల మీద తీగల గాట్లు ఎర్రగా కనబడుతున్నాయి. ఉక్కు తీగల గిటారుకు ఆ చోట లావు తీగ కింద సుమారు 2.5, సన్న తీగ కింద సుమారు 2 మిల్లీమీటర్లు ఉంటే చేతికి హాయిగా ఉంటుంది. 12వ మెట్టు తీగ పొడవుకు సరిగ్గా నడుమ ఉండడం వల్ల, అక్కడ ఒక మిల్లీమీటరు తగ్గాలంటే గుర్రం మీది పట్టీని రెండు మిల్లీమీటర్లు అరగదీయాలి. మెడలోని ఇనుప కడ్డీ, అంటే ట్రస్ రాడ్, మెడ వంపును సరిచేయడానికే ఉంది. దాన్ని ఒక్కసారిగా పావు చుట్టుకు మించి తిప్పకూడదు. మన ఎండలకు కొయ్య ఆరిపోయి గిటారు పైపలక అణిగితే తీగలు దిగి జీర పలుకుతాయి, తేమకు పలక ఉబ్బితే పైకి లేస్తాయి. బిరడను ఎవరూ తాకకపోయినా ఎత్తు మారుతుందన్నమాట.

‘వాడిన గిటారు’ సరైనదే. తెలుగులో ‘వాడు’ అనే క్రియలు రెండు. ‘వాడిన పూలు’ అన్నప్పుడు వడలిపోవడం, ‘వాడిన గిటారు’ అన్నప్పుడు ఉపయోగించడం; పక్కనున్న నామమే అర్థాన్ని తేలుస్తుంది. అయినా మీరు రాసిన ‘ఒకరు వాడిన’ అన్న పలుకుబడి నాకు ఎక్కువ నచ్చింది, ఎందుకంటే అందులో కర్త కనబడి, సందేహానికి చోటు లేకుండా పోయింది. ‘పాత గిటారు’ మాత్రం దీనికి పర్యాయపదం కాదు: అంగట్లో పదేళ్లు అమ్ముడుపోకుండా ఉన్నది పాతదే గాని, వాడినది కాదు. మాటల్లో ‘సెకండ్ హ్యాండ్’ అనడంలో తప్పేమీ లేదు. ‘కారు, కార్లు’ లాగానే ‘గిటారు, గిటార్లు’ అని రాయండి.

ఇక మరమ్మతు చేసే ఆయనతో ‘తీగలు దించండి’ అని మాత్రం అనకండి, శ్రుతిని కూడా దించుతాం గనుక మళ్లీ అదే పొరపాటు జరగవచ్చు. ముందు శ్రుతి చేసి, ఆ బిగువులోనే స్కేలుతో కొలిచి, ‘12వ మెట్టు దగ్గర లావు తీగ ఎత్తు ఇంత ఉంది, రెండున్నర మిల్లీమీటర్లకు తగ్గించండి, శ్రుతి ఇలాగే ఉండాలి’ అని చెప్పండి.