ఇంట్లో పెట్టుకున్న వడ్లకి పురుగు పట్టింది, గోలీలు పెట్టొచ్చా?

ప్రశ్న: సార్, మాది నల్గొండ జిల్లా. యాసంగి వడ్లు కొనుగోలు సెంటర్ల అమ్మి, తిండికి, వచ్చే యాసంగి విత్తనానికి 20 బస్తాలు ఇంట్ల ఉంచుకున్నం. మిషన్ కోత, సెంటర్ల తేమ 17 శాతం వచ్చింది, పాసయింది. రెండు నెలలు కాలే, బస్తాల మీద చిన్న చిలకలు ఎగురుతున్నయ్, కింద పిండి రాలుతుంది, లోపల చెయ్యి పెడితే వేడిగుంది. షాపాయన గోలీలు పెట్టమంటుండు.

జవాబు: వద్దన్నా, ముందు ఆ గోలీల సంగతి మర్చిపోండి. అవి అల్యూమినియం ఫాస్ఫైడ్, గాలిలో తేమ తగిలితే చాలు ఫాస్ఫిన్ అనే విషపు గ్యాస్ వస్తుంది, తలుపేసినా సందుల్లోంచి పక్క గదిలోకి పోతుంది, దానికి విరుగుడు మందంటూ లేదు. అనుమతి ఉన్న పెస్ట్ కంట్రోల్ వాళ్ళు గోడౌన్లలో వాడాల్సింది అది, పిల్లలు పడుకునే ఇంట్లో కాదు, షాపాయన ఎట్లా చెప్పాడో ఏమో.

ఇక మీ దగ్గర తేడా ఆ 17 దగ్గరే వచ్చింది. అది కొనడానికి పెట్టిన లిమిట్, ఇంట్లో నెలల తరబడి దాచుకునే లెక్క వేరే, తిండి వడ్లకి 14 దాటొద్దు, విత్తనానికి 12-13 ఉండాలి. 17 నుంచి 13కి ఎండితే క్వింటాలుకి నాలుగున్నర కిలోలు తగ్గుతుంది, ఆ తూకం చూసే చాలామంది ఎండబెట్టరు, కానీ పోయేది నీళ్ళే కదా.

మీ బస్తాల్లో రెండు రకాల పురుగులున్నట్టున్నాయి. ఎగిరేది వడ్ల చిలక, ఇది చాలాసార్లు పొలంలోనే గింజ మీద గుడ్లు పెట్టేస్తుంది, కానీ బస్తా లోతుకి పోలేదు, పైపైనే ఉంటుంది. పిండి రాలుస్తున్నది నుసి పురుగు, అది లోపలి దాకా తొలుస్తుంది, దానికి తేమ తోడైతే ఆ వేడి. మిషన్ డ్రమ్ము స్పీడు ఎక్కువ పెడితే పొట్టు పగులుతుంది, అట్లాంటి గింజల్లోకి పురుగు తేలిగ్గా దూరుతుంది, ఈసారి కోతప్పుడు డ్రైవర్‌కి చెప్పండి.

ఇప్పుడైతే వాన తెరిపిచ్చిన రోజు చూసి బస్తాలన్నీ బయటికి తీసి టార్పాలిన్ మీద రెండంగుళాల మందాన పరిచి, గంటకోసారి తిరగేస్తూ ఎండబెట్టి జల్లెడ పట్టండి, ఆ పిండి, పురుగు ఇంటి దగ్గర పారబోయకుండా కాల్చేయండి. ఆలోపు ఖాళీ గదిలో పగుళ్ళు పూడ్చి, లీటరు నీళ్ళకి 10 మి.లీ. మలాథియాన్ 50 ఈసీ పురుగుమందు కలిపి గోడలకి, నేలకి కొట్టండి, వడ్ల మీద మాత్రం చుక్క కూడా పడొద్దు. పాత గోనెసంచులే వాడతామంటే మరిగే నీళ్ళలో ముంచి బాగా ఎండాకే నింపండి, ఆ కుట్లలో కూడా గుడ్లు, పురుగులు దాక్కుని ఉంటాయి. బస్తాలు చెక్క బల్లల మీద, గోడకి రెండడుగులు ఎడంగా పేర్చండి.

బాగా పురుగు పట్టినవి ఆపకండి, ముందు అవే మిల్లు పట్టించుకోండి, నూక ఎక్కువొస్తుంది, తప్పదు. బూజు వాసన ఉన్నవి మాత్రం తినొద్దు, పశువులకీ పెట్టొద్దు.

విత్తనానికి ఉంచినవాటిలో 100 గింజలు తడి గోనెపట్టాలో చుట్టి మొలక చూడండి, 80 కంటే తక్కువొస్తే ఆశ వదిలేసి వేరే విత్తనం చూసుకోండి. మొలక బాగుంటే బాగా ఎండబెట్టి గాలి చొరని సంచుల్లో మూతి బిగించి పెట్టండి, లోపల ఆక్సిజన్ అయిపోయి మిగిలిన పురుగు చస్తుంది. ఎట్లుందో అని మధ్యమధ్యలో విప్పి చూడొద్దు, తేమ ఉన్న వడ్లు అందులో పోయొద్దు.