కంభం చెరువును ఎవరు తవ్వారు?

ప్రశ్న: మా అబ్బాయి ఎనిమిదో తరగతి, స్కూల్ ప్రాజెక్టుకి కంభం చెరువు తీసుకున్నాడు. చూపిద్దామని తీసుకెళ్తే చుట్టూ కొండలు, మధ్యలో నీళ్ళు. ఇది మనుషులు చేసిందంటే వాడు నమ్మడం లేదు, అంత గొయ్యి ఎవరు తవ్వారని అడుగుతున్నాడు. ఏం చెప్పాలి?
- ఒక పాఠకురాలు, ఒంగోలు

జవాబు: మీ వాడి అనుమానం సరైనదేనమ్మా, అంత గొయ్యి ఎవరూ తవ్వలేదు. నల్లమలలో పుట్టిన గుండ్లకమ్మ, దానికి తోడు జంపలేరు, రెండూ ఇక్కడికొచ్చి రెండు కొండల మధ్య ఇరుకు సందులోంచి బయటపడతాయి. ఆ సందుకి అడ్డంగా కట్ట వేశారు, అంతే. మిగతా గోడలన్నీ కొండలే. నీళ్ళు వెనక్కి నిలబడి దాదాపు 7 కిలోమీటర్ల పొడవు, సగటున 3.5 కిలోమీటర్ల వెడల్పున చెరువైంది. ఇంత చిన్న కట్టతో ఇంత నీరు ఆపడమే నాకు ఎప్పుడూ ఆశ్చర్యం, చోటు ఎంచుకున్న వాళ్ళకి దండం పెట్టాలనిపిస్తుంది.

కట్టించింది ఒడిశాను ఏలిన గజపతి రాజుల ఆడపడుచు, శ్రీకృష్ణదేవరాయల భార్య వరదరాజమ్మ అని తరతరాలుగా చెప్పుకుంటారు. రాయలు మన ఉదయగిరి కోటను గజపతుల నుంచి 1514లో గెలుచుకున్నాడు, ఆ తర్వాత సంధి, పెళ్ళి. కాబట్టి చెరువు వయసు ఐదు వందల ఏళ్ళు అనుకోవచ్చు.

ఆ కాలపు వాళ్ళకి ఇంత తెలుసా అంటే, తెలుసు. పక్కనే కడప జిల్లా పోరుమామిళ్ళ చెరువు దగ్గర 1369 నాటి శాసనం ఉంది, విజయనగర రాజు బుక్కరాయల కొడుకు భాస్కరుడు వేయించింది. మంచి చెరువుకి ఉండాల్సిన పన్నెండు లక్షణాలు, ఉండకూడని ఆరు దోషాలు అందులో రాశారు. మూడు యోజనాల దూరం నుంచి వచ్చే తియ్యనీటి ఏరు ఉండాలి, కట్టకి రెండు వైపులా కొండలు ఆనాలి, రాయి దొరికే గని దగ్గర్లో ఉండాలి, పని తెలిసిన మనుషులుండాలి. కట్టలోంచి నీరు ఊరడం, చవుడు నేల, రెండు రాజ్యాల సరిహద్దులో ఉండటం దోషాలు. చివరిది చూడండి, నీటి తగాదాలు అప్పుడే ఎరుగుదురు! పోరుమామిళ్ళ చెరువు పనికి రోజుకి వెయ్యి మంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ళు పట్టిందని కూడా ఉంది. మీ వాడి ప్రాజెక్టులో ఇది తప్పకుండా రాయించండి.

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఇంగ్లిషు వాళ్ళు రాసుకున్న లెక్కల ప్రకారం కట్ట ఎత్తు 57 అడుగులు, నీళ్ళు వచ్చే ప్రాంతం 430 చదరపు మైళ్ళు, ఆయకట్టు సుమారు 10,300 ఎకరాలు. అప్పట్లో కంభం కర్నూలు జిల్లాలో ఉండేది, 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా (తర్వాత ప్రకాశం అని పేరు పెట్టారు) ఏర్పడినప్పుడు అందులో కలిసింది. 2020లో ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడంగా అంతర్జాతీయ గుర్తింపు కూడా వచ్చింది, సంతోషమే, కానీ బోర్డు పెడితే చెరువు నిండదు కదా. నల్లమలలో వాన సరిగ్గా పడని ఏళ్ళలో నీరు అడుగంటుతుంది, ఏరు ఏటా తెచ్చే మట్టి అడుగున పేరుకుని నీరు పట్టే చోటు తగ్గిపోతుంది. పూడిక తీయడం, వాగుల దారి కాపాడటం బోర్డు కంటే ముందు జరగాలని నా పట్టుదల.

ఇంకొకటి. వెలిగొండ ప్రాజెక్టులోనూ ఇదే పద్ధతి. సుంకేసుల, గొట్టిపడియ, కాకర్ల దగ్గర కొండల మధ్య సందులు మూసి 43.5 టీఎంసీల నల్లమల సాగర్‌గా చేశారు. తేడా ఏమిటంటే అక్కడికి నీరు శ్రీశైలం నుంచి సొరంగాల్లో రావాలి. కంభానికి ఏరే తెస్తుంది.

బొమ్మ వేసేటప్పుడు గుండ్రటి గొయ్యి వేయొద్దని చెప్పండి. ముందు రెండు కొండలు, వాటి మధ్య ఏరు, ఆ తర్వాత ఏటికి అడ్డంగా కట్ట, చివర్న నీలం రంగు వేస్తే చాలు.