యాపచెట్టు మాటున బంతి తప్పిపోతున్నదా?

బంతి మాయమైన చోటనే నీ చూపు ఆగిపోతున్నది తమ్ముడూ, కండ్లల్ల లోపం కాదు. నల్లగొండ గ్రౌండ్ల క్రికెట్ ఆడుకుంట లాంగాన్ (బౌలర్ వెనుక దిక్కు బౌండరీ) కాడ నిలబడితే బంతి యాపకొమ్మల మాటుకు పోయి, మళ్ల కనబడేసరికి క్యాచ్ జారుతున్నదన్నవు కద. వస్తువు కనబడితేనే కన్ను దాన్ని సాఫీగ వెంబడిస్తది. మరుగైనంక సుమారు 0.2 సెకన్లకే ఆ వెంబడింపు మందగిస్తది.

1. బంతి ఆకులల్లకు పోకముందే దాని దారి, వేగం మనసుల పట్టుకో.

2. మరుగుకాంగనే చూపును చెట్టు అవతలి అంచుకు దుంకించు. అందరు మరిచేది ఇదే. బంతి పోయిన ఆకుల సందునే చూస్కుంట నిలబడ్తరు. బ్యాటింగ్‌ల గూడ ఇంతే: బ్యాట్స్‌మన్ చూపు బంతి కంటె ముందే అది నేల తాకే చోటికి దుంకుతదని 2000 సంవత్సరంల మైకేల్ ల్యాండ్, పీటర్ మెక్‌లాడ్ అనే పరిశోధకులు కొలిచి చూపించిన్రు. గట్టి ఆటగాని చూపు ఇంకింత ముందుగాల పోతది.

3. బంతి కిందికి దిగుతుంటే, అనుకున్న చోటుకంటె జరంత కిందికి చూడు. మెదడు ఎక్కువగ ఇందాక చూసిన వేగంతోనే లెక్క కడ్తది, పెరిగే జోరును ఒక్కోసారి సరిగ పట్టుకోదు.

ఇంటికాడ గోలీని పీట వెనుక నుంచి దొర్లించు. అది బయటపడకముందే పీట అవతలి అంచు కాడ వేలు పెట్టు. రోజు ఇరవై సార్లు చెయ్యి.