ఏరియా స్టడీస్: భాషతో మొదలుపెట్టండి

ప్రశ్న: మా అమ్మాయి డిగ్రీలో ఏరియా స్టడీస్ మేజర్ తీసుకుంటానంటోంది. చరిత్ర కొంత, రాజకీయాలు కొంత, సాహిత్యం కొంత... ఇలా తలో ముక్కా చదివితే చివరికి ఏదీ చేతికి రాదేమోనని మా భయం. అసలు అందులో ఏం చెబుతారు?

జవాబు: మీ భయంలో అర్థం ఉంది. ఈ మేజర్‌లో చేరినవాళ్లు దెబ్బతినేది ఎక్కువగా అక్కడే. తూర్పు ఆసియా, పశ్చిమాసియా, లాటిన్ అమెరికా వంటి ఒక ప్రాంతాన్ని మధ్యలో పెట్టుకుని, దాని గురించి వేర్వేరు శాఖలు చెప్పే కోర్సులను చుట్టూ కూర్చుకోవడమే ఈ చదువు. సాధారణంగా 10 నుంచి 12 కోర్సులుంటాయి. ఒక పరిచయ కోర్సు, కనీసం రెండేళ్ల భాష, రెండు మూడు శాఖల నుంచి కోర్సులు, చివరి ఏడాది సెమినార్ గానీ థీసిస్ గానీ. లెక్క కాలేజీని బట్టి కొంచెం అటూఇటూ అవుతుంది.

చిక్కేమిటంటే, అయిదు శాఖల్లో అయిదు మొదటి మెట్టు కోర్సులు చేసినా చాలాచోట్ల నిబంధన తీరిపోతుంది. డిగ్రీ వస్తుంది, పనితనం రాదు. అందుకని మీ అమ్మాయిని మొదటి ఏడాది చివరికల్లా ఒక శాఖను వెన్నెముకగా ఎంచుకోమనండి. ఆ ఒక్క శాఖలో నాలుగైదు కోర్సులు చెయ్యాలి, వాటిలో ఒకటి తప్పకుండా మెథడ్స్ కోర్సు కావాలి. చరిత్రయితే ఆర్కైవ్‌లో కాగితాలు చదవడం, ఆంత్రోపాలజీ అయితే ఇంటర్వ్యూలు, ఫీల్డ్ నోట్స్, ఎకనామిక్స్ అయితే గణాంకాలు. పీహెచ్‌డీ సీట్లయినా, అధ్యాపక ఉద్యోగాలయినా ఎక్కువగా శాఖల పేరు మీదే ఉంటాయని మరవకండి.

చేరేముందు చూడాల్సింది ఇంకొకటుంది. ప్రాంతాల హద్దులు మనుషులు గీసినవే. ‘ఆగ్నేయాసియా’ అనే మాట బాగా వాడుకలోకి వచ్చింది రెండో ప్రపంచ యుద్ధంలో, 1943లో మిత్రరాజ్యాలు ఆ పేరుతో ఒక సైనిక కమాండ్ పెట్టాక. ఇవాళ ఆగ్నేయాసియా కింద చదివే బర్మా (ఇప్పటి మయన్మార్), 1937 దాకా బ్రిటిష్ ఇండియాలో ఒక ప్రావిన్సు. బర్మా మీద పని చేసేవాళ్లు లండన్‌లోని ఇండియా ఆఫీస్ (ఇండియా పాలన చూసిన బ్రిటిష్ ప్రభుత్వ శాఖ) రికార్డులు తిరగేయక తప్పనిది అందుకే. కాబట్టి ప్రోగ్రామ్ పేరు చూసి మోసపోకండి. బోర్డు మీద ‘ఆసియా’ అని ఉంటుంది, ఆరుగురు అధ్యాపకుల్లో అయిదుగురు చైనా మీదే పని చేస్తుంటారు. గత రెండేళ్లలో నిజంగా నడిపిన కోర్సుల జాబితా అడగండి. కేటలాగ్‌లో ఉన్నవన్నీ ప్రతి ఏడాదీ నడవవు. ఒకే అధ్యాపకుడి మీద ఆధారపడిన కోర్సయితే, ఆయన సెలవు పెట్టిన ఏడు అదీ ఉండదు.

ప్రశ్న: జపనీస్ నాలుగేళ్లు చదివితే పుస్తకాలు చదివే స్థాయి వస్తుందా?

జవాబు: తరగతి ఒక్కటే నమ్ముకుంటే రాదు. లెక్క వేసి చూడండి. వారానికి 5 గంటలు, 15 వారాల సెమిస్టర్ అంటే 75 గంటలు. ఏడాదికి 150, నాలుగేళ్లకి 600. అమెరికా దౌత్యవేత్తలకు భాషలు నేర్పే ఫారిన్ సర్వీస్ ఇన్‌స్టిట్యూట్ ఇంగ్లిష్ మాతృభాష అయినవాళ్ల కోసం వేసిన అంచనాలో, ఉద్యోగానికి పనికొచ్చేంత జపనీస్ రావడానికి 2,200 తరగతి గంటలు కావాలి. చైనీస్, కొరియన్, అరబిక్‌లకూ అంతే. రష్యన్‌కి 1,100. (మన తెలుగు కూడా ఆ 1,100 వరసలోనే ఉంది.)

తెలుగువాళ్లకి ఒక వెసులుబాటు ఉంది. ‘టోక్యో ని ఇకిమాసు’ అంటే ‘టోక్యోకి వెళ్తాను’. మన ‘కి’ ఉన్నచోటే వాళ్ల ‘ని’, క్రియ చివర, ‘నేను’ అనాల్సిన పనే లేదు. ఇంగ్లిష్‌వాళ్లు నెలల తరబడి కుస్తీ పట్టే వాక్యక్రమం మనకి ముందే వచ్చు. లిపి దగ్గర మాత్రం అందరికీ ఒకటే కష్టం: నిత్యవ్యవహారానికి ప్రభుత్వం ఖరారు చేసిన జోయో కాంజీలే (చైనా నుంచి తెచ్చుకున్న అక్షరాలు) 2,136.

లోటు పూడేది వేసవుల్లో. రోజుకి 4 గంటల చొప్పున వారానికి 5 రోజులు, 8 వారాల ఇంటెన్సివ్ కోర్సు చేస్తే 160 గంటలు. అంటే కాలేజీలో ఏడాది పాఠం ఒక్క వేసవిలో అయిపోయినట్టే. భాషని మొదటి సెమిస్టర్‌లోనే మొదలుపెట్టండి. భాషా కోర్సులు గొలుసులా ఉంటాయి, మొదటి లంకె సాధారణంగా విద్యా సంవత్సరం ఆరంభంలోనే దొరుకుతుంది. ఒక సెమిస్టర్ తప్పితే ఏడాది పోతుంది.

ప్రశ్న: మధ్య ఆసియా మీద ఆసక్తి. రష్యన్ నేర్చుకోవాలా, ఉజ్బెక్ నేర్చుకోవాలా?

జవాబు: మీరు ఏ కాగితాలు చదువుతారు, ఎవరితో మాట్లాడతారు అన్నదాన్ని బట్టి ఉంటుంది. సోవియట్ కాలపు ప్రభుత్వ ఫైళ్లయితే రష్యన్ లేనిదే అడుగు పడదు. ఊళ్లలో కుటుంబాల గురించి అయితే ఉజ్బెక్. అసలు ఉజ్బెక్ కథే వేరు. 1920ల చివరిదాకా అరబిక్ లిపి, ఆ తర్వాత లాటిన్, 1940 నుంచి సిరిలిక్ (రష్యన్ రాసే లిపి), 1993 చట్టంతో మళ్లీ లాటిన్. సిరిలిక్ ఇప్పటికీ పూర్తిగా పోలేదు. ఒకే ఇంట్లో ముత్తాత ఉత్తరం, తాత చదివిన పత్రిక, మనవడి పాఠ్యపుస్తకం మూడు లిపుల్లో ఉండొచ్చు.

మా సలహా: రెండేళ్లు రష్యన్, దానితో సిరిలిక్ ఎలాగూ వచ్చేస్తుంది. మూడో ఏడు వేసవి నుంచి ఉజ్బెక్. రష్యన్ తరగతులు చాలాచోట్ల దొరుకుతాయి, ఉజ్బెక్ చెప్పే కాలేజీలు తక్కువ.

అరబిక్ ఎంచుకునేవాళ్లకీ ఒక మాట. తరగతిలో చెప్పే ఫుస్‌హా వాళ్ల గ్రాంథికం అనుకోండి. కైరోలోనూ బేరూత్‌లోనూ జనం ఇళ్లలో మాట్లాడేది వేరు, ఆ రెండూ మళ్లీ ఒకటి కావు. ఫుస్‌హా ఒక్కటే నేర్చుకుని ఇంటర్వ్యూలకి వెళ్తే, మీ ప్రశ్న వాళ్లకి అర్థమవుతుంది, వాళ్ల జవాబు మీకు అర్థం కాదు. రెండో ఏడే ఒక మాండలికం కూడా మొదలుపెట్టండి.

ప్రశ్న: ఒక సెమిస్టర్ విదేశంలో చదివితే క్రెడిట్లు కలుస్తాయా?

జవాబు: వెళ్లేముందే రాతపూర్వకంగా అనుమతి తీసుకుంటే కలుస్తాయి. విదేశీ విద్య ఆఫీసు సరేనంటే క్రెడిట్ వస్తుందేమో గానీ, అది మేజర్‌లోకి వస్తుందా అన్నది శాఖే చెప్పాలి. ఇద్దరి నుంచీ కాగితం తీసుకోండి. సిలబస్, చదివిన పాఠాల జాబితా, రాసిన వ్యాసాలు దాచుకోండి. యూరప్‌కి వెళ్తే ఏడాది చదువుకి 60 ఈసీటీఎస్ (యూరప్ దేశాల ఉమ్మడి లెక్క) క్రెడిట్లు. అమెరికా కాలేజీల్లో ఏడాదికి సుమారు 30. అంటే యూరప్‌లోని రెండు అమెరికాలో ఒకటిగా జమ అవుతాయి. రెండేళ్ల భాష అయ్యాక వెళ్లడం మేలు.

ప్రశ్న: థీసిస్‌కి ‘మెకాంగ్ నది రాజకీయాలు’ అనుకున్నాను. గైడ్ పెద్దదైపోయింది అన్నారు. ఎలా తగ్గించాలి?

జవాబు: మీ గైడ్ మర్యాదగా చెప్పారు. అది జీవితకాలం పని. ఒక చోటు, ఒక సంఘటన, ఒక రకం ఆధారం, వీటిని పట్టుకుంటే విషయం దానంతటదే తగ్గుతుంది.

మెకాంగ్‌లోనే చూద్దాం. 1995 ఒప్పందంతో ఏర్పడిన మెకాంగ్ రివర్ కమిషన్‌లో లావోస్, థాయ్‌లాండ్, కంబోడియా, వియత్నాం సభ్యులు. ఎగువన ఉన్న చైనా, మయన్మార్ సభ్యులు కావు. ప్రధాన నది మీద ఆనకట్ట కట్టాలంటే ముందుగా మిగతా సభ్యులతో సంప్రదింపులు జరపాలి. ఆ పద్ధతి మొదటిసారి 2010లో లావోస్ తలపెట్టిన సయబురి ఆనకట్టతో మొదలైంది. అప్పుడు ఆ దేశాలు రాతపూర్వకంగా జవాబులిచ్చాయి. మీ ప్రశ్న ఇలా పెట్టుకోండి: ఆ జవాబుల్లో చేపల గురించి ఏ దేశం ఏమంది, ఎందుకంది? ఆధారం చేతిలో పట్టేంత ఉంది. కంబోడియా వైఖరి అర్థం కావాలంటే మాత్రం టోన్లే సాప్ సరస్సు దగ్గరికి వెళ్లక తప్పదు. వానాకాలంలో మెకాంగ్ పొంగి సరస్సు నుంచి వచ్చే నదిని వెనక్కి తోస్తుంది, సరస్సు ఎన్నో రెట్లు పెరుగుతుంది, ఆ దేశపు చేపల పంటలో చాలా భాగం ఆ వరద మీదే ఆధారపడింది. ఇలా జలశాస్త్రం, రాజకీయం రెండూ ఒకే ప్రశ్నలోకి వస్తాయి. రెండు శాఖలు చాలు, మూడోది ఇరికించకండి.

ఇక కాలం. మొదటి చిత్తుప్రతి గడువుకి కనీసం ఆరు వారాల ముందు గైడ్ చేతిలో ఉండాలి. మనుషులను ఇంటర్వ్యూ చెయ్యాలనుకుంటే ఎథిక్స్ కమిటీ (పరిశోధన వల్ల మనుషులకి హాని జరక్కుండా చూసే కమిటీ) అనుమతి ముందే కావాలి. అది రాకముందు చేసిన ఇంటర్వ్యూలు ఎంత బాగున్నా థీసిస్‌లో వాడుకోనివ్వకపోవచ్చు.